యువజనుల సాయంకాలము: చదువును, త్రాగుడును గూర్చి పరిశోధనలు చెప్పునది

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలములోని చంద్లాపూర్ గ్రామము పేరు ఒకప్పుడు చుట్టుపట్ల పల్లెలవారికి మాత్రమే పరిచితము. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన అచ్చటి రంగనాయక సాగర జలాశయములోనికి గోదావరి నీరు ఎత్తిపోసిన నాటినుండి ఆ పేరు రాష్ట్రమంతట వినబడుచున్నది. 3 టి.ఎం.సి.ల నీరు పట్టు ఆ జలాశయమునకు కుడి, ఎడమ కాలువలు కలవు. కట్ట ఎంత గట్టిదైనను కాలువ లేనిచో నీరు పొలమునకు చేరదు. కాలువ ఉన్నను వేళకు తూము తెరచువాడు లేనిచో చేను తడియదు. ఈ సంగతి అచ్చటి రైతుబిడ్డలకు వేరుగా చెప్పనక్కరలేదు.

యువకుని సాయంకాలము కూడ అట్టిదే. బడియో, కళాశాలయో, పనియో ముగిసిన పిమ్మట నిద్రించువరకు మిగులు నాలుగైదు గంటల కాలము ఏ దారిని పోవునో దానినిబట్టి అతని అలవాటులు ఏర్పడును. చదువుట, త్రాగుట అను రెండును ముఖ్యముగా ఆ గంటలలోనే అలవడునవి. ఈ రెంటిని గూర్చియు పరిశోధకులు చాలకాలముగా లెక్కలు సేకరించుచున్నారు. ఆ లెక్కలను ఎట్లు అర్థము చేసికొనవలెను, వానినుండి కుటుంబములును మఠములును ఏమి గ్రహింపవలెను అనునది ఈ పాఠమునకు విషయము.

త్రాగుడును గూర్చిన లెక్కలు

2019 నుండి 2021 వరకు జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏండ్లు నిండిన పురుషులను మద్యపానమును గూర్చి ప్రశ్నించిరి. భారతదేశము మొత్తముమీద త్రాగుదుమని చెప్పినవారు సుమారు 19 శాతము. తెలంగాణములో ఆ సంఖ్య 43.3 శాతము. అరుణాచల ప్రదేశము తరువాత రాష్ట్రములలో ఇదియే మిక్కిలి పెద్ద సంఖ్య. తెలంగాణ పట్టణములలో 33.9 శాతము కాగా పల్లెలలో 49 శాతము. అనగా పల్లెలోని పెద్దవయసు పురుషులలో ఇంచుమించు సగముమంది త్రాగువారే. పల్లెలో పెరుగు బాలుడు ఏ పెండ్లికి పోయినను, ఏ దావతునకు పోయినను ఈ దృశ్యమునే చూచుచుండును.

అయితే ఈ లెక్కను చదువునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. పండుగనాడు ఒక ముంత కల్లు పుచ్చుకొన్నవాడును, ప్రతిదినము సీసా ముట్టనిదే చేయి వణకువాడును ఇందులో ఒకే వరుసలో లెక్కింపబడిరి. ఈ భేదమును తెలిసికొనుటకు వేరొక పరిశోధన కలదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోరికపై ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన ఆ దేశవ్యాప్త పరిశీలన 2019లో ప్రకటింపబడినది. 10 నుండి 75 ఏండ్ల వయసువారిలో 14.6 శాతము, అనగా సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారనియు, వారిలో సుమారు 2 కోట్ల 90 లక్షలమంది దానికి పూర్తిగా బానిసలైరనియు ఆ పరిశీలన తెలిపెను. అట్లు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కడు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పెను. తక్కిన 37 మంది ఎచ్చట ఉన్నారు? ఇండ్లలోనే ఉన్నారు. ఇంటివారికి తెలిసియు, వైద్యునికి తెలియక ఉన్నారు.

యువజనుల విషయములో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఏ వయసున మొదలుపెట్టిరి అనునది. అమెరికాలో బ్రిడ్జెట్ గ్రాంట్, డెబొరా డాసన్ అను పరిశోధకులు 1997లో ప్రకటించిన అధ్యయనములో, 15 ఏండ్లు నిండకముందే త్రాగుట మొదలిడినవారిలో సుమారు 40 శాతముమంది జీవితములో ఎప్పుడో ఒకప్పుడు బానిసలైరనియు, 20 ఏండ్లు దాటిన తరువాత మొదలిడినవారిలో అట్టివారు 10 శాతము మాత్రమేననియు తేలెను. చిన్ననాడే మొదలుపెట్టినవారి ఇంటి పరిస్థితులు, చెలిమి మున్నగునవియు ఈ భేదమునకు కొంత కారణము కావచ్చును. అయినను ఆలస్యము చేసిన ప్రతి సంవత్సరమును లాభమే అను మాట త్రోసివేయదగినది కాదు. ఆలోచనను, నిగ్రహమును నడిపించు మెదడు ముందుభాగము ఇరువదియైదేండ్ల ప్రాయమువరకు ఎదుగుచుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తెలంగాణములో 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదని చట్టము కలదు. కాని తండ్రియే కుమారుని చేతికి డబ్బిచ్చి బెల్టుషాపునకు పంపుచో ఆ చట్టము ఆ ఇంటి గడపలోనే ఆగిపోవును.

“కొద్దిగా త్రాగినచో ఆరోగ్యమునకు మంచిది” అను మాట కూడ నేడు నిలువదు. మద్యము క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించెను. ఎంత తక్కువ పరిమాణమైనను పూర్తిగా నిరపాయమని చెప్పదగినది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించెను.

చదువును గూర్చిన లెక్కలు

ఇచ్చట చదువు అనగా పరీక్షకై పాఠ్యపుస్తకమును వల్లించుట కాదు. తనంతట తాను ఇష్టపడి చదువుట. నేషనల్ బుక్ ట్రస్టు తరఫున 2009లో జరిగిన జాతీయ యువజన పఠన సర్వేలో 13 నుండి 35 ఏండ్లవారిని ప్రశ్నించిరి. దేశములోని 33 కోట్లకు పైబడిన అక్షరాస్య యువజనులలో నాలుగవ వంతు, అనగా సుమారు 8 కోట్ల 30 లక్షలమంది మాత్రమే పాఠ్యపుస్తకములు కాని పుస్తకములు చదువుదురని తేలెను. తక్కిన మూడువంతులవారికి చదువ వచ్చును, కాని చదువరు.

2023లో 26 రాష్ట్రములకు చెందిన 28 గ్రామీణ జిల్లాలలో 14 నుండి 18 ఏండ్ల పిల్లలను ప్రథమ్ సంస్థవారు వారి ఇండ్లకు పోయి పరీక్షించిరి. నూటికి 86 మందికి పైగా ఏదో ఒక విద్యాసంస్థలో పేరు నమోదైనవారే. అయినను నాలుగవ వంతుమంది తమ ప్రాంతీయ భాషలో రెండవ తరగతి స్థాయి పాఠమును ధారాళముగా చదువలేకపోయిరి. స్మార్టుఫోను వాడ నేర్చినవారిలో, అంతకు ముందు వారములో చదువునకు సంబంధించిన పనికై ఫోను వాడినవారు మూడింట రెండు వంతులు. సామాజిక మాధ్యమములకై వాడినవారు పదింట తొమ్మిది వంతులు. కావున సాయంకాలమును అపహరించుచున్నది సీసా ఒక్కటియే కాదు.

నిరాశ కలిగించు ఈ లెక్కలనడుమ ఆశ కలిగించు లెక్కయు ఒకటి కలదు. రిచర్డ్ ఆండర్సన్, పాల్ విల్సన్, లిండా ఫీల్డింగ్ అనువారు 1988లో ప్రకటించిన అధ్యయనములో 155 మంది ఐదవ తరగతి పిల్లలు బడి వెలుపలి తమ కాలమును ప్రతిదినము వ్రాసి పెట్టిరి. మధ్యస్థముగా ఉన్న బాలుడు పుస్తకములు చదివినది దినమునకు 5 నిమిషములైనను లేదు. అయినను ఆ కొద్ది చదువే ఏడాదికి 2 లక్షల 82 వేల మాటలగును. నూటికి 90 మందికంటె ఎక్కువ చదువు బాలుడు దినమునకు 21 నిమిషములు చదివి ఏడాదికి 18 లక్షల మాటలను చూచుచున్నాడు. అందరికంటె వెనుకనున్న పదవ వంతునకు చేరినవానికి ఏడాదికి 8 వేల మాటలే దక్కినవి. ఇంత పెద్ద భేదమును కల్పించినది దినమునకు ఇరువది నిమిషములు. ఇరువది నిమిషములను సంపాదించుట ఏ పేద కుటుంబమునకును అసాధ్యము కాదు.

చదివినవాడు త్రాగడా?

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టగానే “చదువు పెరిగినచో త్రాగుడు తగ్గును” అని తీర్మానించుటకు మనసు తొందరపడును. ఆ తొందర కూడదు. 2011 జనాభా లెక్కల ప్రకారము కేరళములో అక్షరాస్యత 94 శాతము, బీహారులో 61.8 శాతము. ఐదవ కుటుంబ ఆరోగ్య సర్వేలో కేరళ పురుషులలో త్రాగువారు 19.9 శాతము, బీహారులో 15.5 శాతము. బీహారులో 2016 నుండి మద్యనిషేధము అమలులోనికి వచ్చినమాట నిజమే. అయినను అక్షరము వచ్చినంత మాత్రమున సీసా దూరము కాదని కేరళపు లెక్క తెలియజేయుచున్నది. ఉద్యోగులలో, పట్టభద్రులలో త్రాగువారు లేరా? కలరు. రెండు సంగతులు జతగా కనబడినంతనే ఒకటి రెండవదానికి కారణమని చెప్పుట పరిశోధనలో పెద్ద పొరపాటు.

అట్లయిన చదువునకును త్రాగుడు మానుటకును ఏ సంబంధమును లేదా? ఉన్నది. కాని అది ఎట్టి చదువు అను దానిపై ఆధారపడియున్నది. దానికి తెలుగుదేశములోనే ప్రత్యక్ష నిదర్శనము కలదు.

దూబగుంట నేర్పిన పాఠము

1980వ దశకములో ఆంధ్రప్రదేశములో వారుణి వాహిని అను పేర సారా ప్యాకెట్లలో పల్లెపల్లెకు చేరెను. కూలినాలి చేసి మగవాడు తెచ్చిన డబ్బు ఇల్లు చేరకముందే దుకాణములో కరగిపోవుచుండెను. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగెను. రాత్రివేళ లాంతరు వెలుగులో స్త్రీలు కూడి అక్షరములు దిద్దిరి. వారి వాచకములో సీతమ్మ కథ అను పాఠమొకటి ఉండెను. ఒక పల్లెలోని స్త్రీలు కలిసికట్టుగా సారా దుకాణమును మూయించిన కథ అది.

కలిగిరి మండలములోని దూబగుంటలో ఆ పాఠము చదివిన స్త్రీలు అది కథయే కదా అని పుస్తకము మూసి పోలేదు. కథలోని స్త్రీలు చేసినది తాము ఏల చేయరాదని చర్చించుకొనిరి. 1992లో తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ తరువాత దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధి చెంది 2016లో కన్నుమూసెను. దూబగుంట వృత్తాంతమే తరువాతి వాచకమునకు పాఠ్యాంశమై తక్కిన పల్లెలలో చదువబడెను. సారా వేలములు ఆగిపోయెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో తొలగింపబడెను.

నిషేధము వచ్చుట, పోవుట ప్రభుత్వములకు సంబంధించిన చరిత్ర. ఈ పాఠమునకు కావలసినది అంతకు ముందటి సంగతి. దూబగుంటలో పనిచేసిన చదువునకు నాలుగు లక్షణములు కలవు. అది ఒంటరి చదువు కాదు, పదిమంది కూడి బిగ్గరగా చదివినది. అది తమ బ్రతుకును గూర్చిన చదువు. చదివిన పిమ్మట ప్రశ్నకును చర్చకును తావున్నది. నాలుగవది, ఆ చదువునకు నియమితమైన వేళయు, చోటును ఉన్నవి. అది సరిగా సాయంకాలపు వేళయే. పరీక్షకై వల్లించు చదువునకు ఈ నాలుగింటిలో ఒక్కటియు లేదు. చదువుకొన్నవాడును త్రాగుచున్నాడేమని ఆశ్చర్యపడువారు ఈ భేదమును గమనింపవలెను.

గోష్ఠీ సంప్రదాయము

శరణ సంప్రదాయమునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని కాలపు శరణులు అనుభవ మంటపములో కూడి, చెప్పుకొని, ప్రశ్నించుకొని వచనములను వెలయించిరి. అందు హెండద మారయ్య అను శరణుడు కలడు. కన్నడమున హెండ యనగా కల్లు. కల్లు అమ్ముట ఆయన వృత్తి. ఆ వృత్తికి చెందిన మాటలనే తీసికొని ఆయన వచనములు చెప్పెను. ఆ వృత్తివానిని చూచి గోష్ఠి తలుపు మూయలేదు. లోనికి పిలిచి కూర్చుండబెట్టెను. తెలుగున పాలకురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించుటవలన అది పదిమంది కూడి పాడుకొనుటకు అనువయ్యెను. పదిమందిలో వినుట, అడుగుట, మాటాడుట అను ఈ సంప్రదాయము యువకుల సాయంకాలమునకు ఎంతో అవసరము.

దాచుటవలని కీడు

మద్యమును నిషిద్ధముగా భావించు కుటుంబములలో వేరొక ఆపద కలదు. “మా వంశములో అట్టిది లేదు” అను మాట గౌరవప్రదమే. కాని కుమారుడు పొరపాటున ఒకనాడు త్రాగి వచ్చినచో ఆ మాటయే అతని నోరు కట్టివేయును. తల్లి తండ్రికి చెప్పదు; తండ్రి బంధువులకు చెప్పడు; సంబంధము చెడునని మఠమునకు తెలియనీయరు. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మద్యమువలని వ్యాధితో బాధపడువారిలో నూటికి 86 మందికి చికిత్స అందుటలేదని తేలెను. డబ్బు లేకపోవుట, ఆసుపత్రి దూరమగుట ఒక కారణము. సిగ్గు వేరొక కారణము. బిడ్డ తప్పు చేసిన రాత్రి అతనిని ఇంటినుండి వెడలగొట్టుటకంటె, మరునాడు మత్తు దిగిన పిమ్మట “బిడ్డా, ఎవరితో పోయితివి? ఎన్నాళ్ళనుండి?” అని మెల్లగా అడుగుట మేలు. అడిగినచో చెప్పవచ్చునను ధైర్యము ముందునుండియే ఇంటిలో ఉండవలెను.

ప్రమాణము చేయించు పెద్దలు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి. పీఠముముందు ప్రమాణము చేసియో, దీక్ష పట్టియో ఒక్కనాడే త్రాగుడు మానువారు కలరు. అప్పుడప్పుడు త్రాగువాడు అట్లు మానినచో ప్రమాదము లేదు. కాని ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగి బానిసయైనవాడు ఒక్కసారిగా మానినచో కొన్ని గంటలలోనే చేతులు వణకును. మొదటి రెండు దినములలో మూర్ఛ రావచ్చును. మూడు నాలుగు దినములలో మతి తప్పి, లేనిది చూచి పలవరింపవచ్చును. ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. దీనిని దేవుని కోపముగనో, గాలి సోకుటగనో భావించి కాలము పుచ్చుట ప్రమాదకరము. 2015లో తెలంగాణములో కల్తీ కల్లును అధికారులు అరికట్టినప్పుడు, ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి మత్తు మందులు కలిసిన కల్లునకు అలవాటుపడిన వందలమంది ఇట్టి లక్షణములతోనే ఆసుపత్రులలో చేరిరి. కావున ప్రమాణమునకు ముందు వైద్యుడు, ప్రమాణమునకు తరువాత తోడు ఉండవలెను. ఇంటినుండియే సలహా కోరువారు టెలి మానస్ వారి 14416 సంఖ్యకును, మత్తు పదార్థముల విముక్తికై 14446 సంఖ్యకును ఉచితముగా ఫోను చేయవచ్చును.

చేయదగిన పని

మాను అని చెప్పుట సులభము. మానినవాని సాయంకాలమును నింపుట కష్టము. ఖాళీగా వదలిన గంటలోనికి పాత చెలిమియే తిరిగి వచ్చును. కావున మఠమునందో, గ్రంథాలయమునందో, ఒకరి ఇంటి అరుగుపైననో వారమునకు రెండు దినములు సాయంకాలము ఒక గంట చదువు గోష్ఠి ఏర్పరచుట మంచిది. ఒకరు బిగ్గరగా చదువవలెను, తక్కినవారు వినవలెను, తరువాత మాటాడుకొనవలెను. చదువునది వచనములు మాత్రమే కానక్కరలేదు. వార్తాపత్రిక, వ్యవసాయ విషయము, ఆటగాని జీవితచరిత్ర, మంచి కథ ఏదైనను సరియే. చదువ తడబడువానిని నవ్వరాదు. నాలుగింట ఒకరు తడబడుచున్నారని లెక్కలే చెప్పుచున్నవి కదా. త్రాగు అలవాటున్న యువకుని రావద్దనరాదు. ఆ గంట అతనికే అందరికంటె ఎక్కువ అవసరము.

పుస్తకములకు డబ్బెక్కడిది అని సందేహింపనక్కరలేదు. తెలంగాణములో ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను విధింపబడుచున్నది. చంద్లాపూరువారును చెల్లించు ఆ పన్ను పుస్తకములకై ఉద్దేశింపబడినది. పంచాయతీవారును, యువకులును కలిసి జిల్లా గ్రంథాలయ సంస్థను అడుగుట వారి హక్కు.

పాఠ సారము

తెలంగాణ పల్లెలలో ఇంచుమించు సగముమంది పురుషులు త్రాగుచున్నారు. చదువ వచ్చిన యువజనులలో నాలుగవ వంతు మాత్రమే ఇష్టముతో చదువుచున్నట్లు 2009 సర్వే తెలిపినది. అక్షరాస్యత ఒక్కటియే త్రాగుడును ఆపదు. కూడి చదివి, తమ బ్రతుకును గూర్చి మాటాడుకొను చదువు ఆపగలదని దూబగుంట చూపినది. మొదటి గుక్క ఎంత ఆలస్యమైన అంత మేలు. బానిసయైనవానికి నిందకంటె ముందు వైద్యము కావలెను.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. నిన్నటి సాయంకాలము ఆరు గంటలనుండి పది గంటలవరకు ఇంటిలోని పిల్లలు ఎచ్చట, ఎవరితో ఉండిరి? పెద్దలు ఎచ్చట ఉండిరి?
2. గడచిన నెలలో ఇంటిలో పాఠ్యపుస్తకము కాని పుస్తకమును చదివినవారెందరు? బిగ్గరగా చదివి వినిపించినవారెవరైన కలరా?
3. సీసా తెచ్చుటకో, కల్లు తెచ్చుటకో పిల్లలను పంపుట ఆ ఇంటిలో ఎన్నడైన జరిగినదా?
4. ఊరిలో చికిత్స అందని ఆ 37 మందిలో ఒకడు కలడా? అతనితో మొదట మాటాడవలసినవారెవరు?
5. దూబగుంట స్త్రీలు ఒక్కొక్కరు తమ ఇంట ఒంటరిగా ఆ పాఠమును చదివియున్నచో ఏమి జరిగియుండును?

ఈ ప్రశ్నలకు కాగితముపై జవాబు వ్రాయుట చాలదు. ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒక సాయంకాలము వీనిని చదివి మాటాడుకొన్నచో, ఆ ఇంట మొదటి గోష్ఠి జరిగినట్లే.